పామరేనియను కుక్క – దాని స్వభావము, పోషణము

ఇంటిలో పెరుగు ప్రతి ప్రాణియొక్క ఆకలిదప్పులను, రోగమును మొట్టమొదట కనిపెట్టునది గృహిణియే. దూడ పాలు మానినను, చిలుక మేత ముట్టకున్నను, బిడ్డకు జ్వరము వచ్చినను రాత్రి మేలుకొనునది ఆమెయే. కుక్కను పెంచుటయు ఇట్టిదే. అది పురుషుల వేడుకగా గాని, బాలుర ఆటగా గాని మొదలగును. నెల తిరుగునప్పటికి దాని అన్నము, స్నానము, మందు అన్నియు ఆడువారి పాలబడును. మోయక తప్పని భారమును గుఱించి ముందుగా తెలిసికొనుట మంచిది గదా! కావున నేడు పట్టణములలోనే గాక పల్లెలలో సైతము తఱచుగా పేరు వినవచ్చుచున్న పామరేనియను అను చిన్నజాతి కుక్కను గుఱించి మాకు తెలిసిన సంగతులు సోదరీమణులకు విన్నవింప దలచితిమి. ఈ జాతి కుక్క యొకటి తొమ్మిది సంవత్సరములుగా మా యింట నున్నది. దాని పేరు ముత్యము. చదివి తెలిసికొన్న విషయములకు దానిని పెంచి తెలిసికొన్న విషయములు తోడైనవి.

పుట్టుపూర్వోత్తరములు

ఐరోపాఖండమున బాల్టిక్ సముద్రమునకు దక్షిణపు టొడ్డున పామరేనియా యను సీమ కలదు. ఇప్పు డందు కొంతభాగము జర్మనీలోను, కొంతభాగము పోలెండులోను చేరియున్నది. ఈ జాతికి ఆ సీమ పేరే వచ్చినది. చలిదేశములలో మంచుబండ్లను లాగుచు, మందలను కాచుచు బ్రదికిన స్పిట్జు కుటుంబపు కుక్కలు దీనికి బంధువులు. నిలిచిన చెవులును, మొనదేలిన మూతియు, వీపుపైకి మడిచిన కుచ్చుతోకయు, దట్టమైన రెండు పొరల బొచ్చును ఆ కుటుంబమునుండి వచ్చిన సొత్తులే.

మొదట నివి ఒడిలో కూర్చుండబెట్టుకొనదగినంత చిన్నవి కావు. ఇంగ్లండు రాజగు మూడవ జార్జి భార్య షార్లెటు రాణి 1767 లో ఈ జాతి కుక్కలను ఆ దేశమునకు తెప్పించుకొనెను. ఆ కాలపు చిత్రకారుడు గేన్సుబరో వ్రాసిన పటములలో నివి నేటివానికంటె చాల పెద్దవిగా కన్పట్టును. ఆ రాణి మనుమరాలగు విక్టోరియా రాణి 1888 లో ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరమునకు పోయినప్పుడు మార్కో యను చిన్న పామరేనియనును చూచి ముచ్చటపడి వెంట తెచ్చుకొనెను. అది మొదలు ప్రభువులయిండ్లలో చిన్నవానికే గిరాకి కలిగినది. పెంపకపువారు తరతరమునకు చిన్నవానినే యేర్చి జతపఱచుచు జాతినే కుదించివైచిరి. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోవునప్పుడు టూరీ యను పామరేనియను ఆమె మంచముపై నుండెనని చెప్పుదురు. 1912 ఏప్రిలులో మునిగిన టైటానికు నావనుండి ప్రాణములతో బయటపడిన కుక్కలు మూడు. వానిలో రెండు పామరేనియనులే. ఒడిలో దాచుకొని పడవలోనికి దిగుటకు వీలగునంత చిన్నవగుటయే వానిని కాపాడినది.

నేటి పామరేనియను ఒకటిన్నర కిలోనుండి మూడు కిలోలవఱకు తూగును. అనగా ఒక నెలబిడ్డయెత్తు కూడ నుండదు. పండ్రెండు మొదలు పదాఱు సంవత్సరములవఱకు బ్రదుకును.

మన దేశమున పామరేనియను అని పిలువబడు కుక్కలలో చాలభాగము నిజమునకు ఆ జాతివి కావు. అవి ఇండియను స్పిట్జు అను వేఱొక జాతివి. తెల్లని బొచ్చుతో చూచుటకు పోలికగానే యుండును గాని, అయిదు కిలోలకు పైగా తూగును, మూతి కొంచెము పొడవు, చెవులు పెద్దవి. 1994 లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’ అను హిందీ చలనచిత్రమున ప్రేక్షకుల మనసు దోచిన టఫీ యను కుక్క ఈ జాతిదే. ఇండియను స్పిట్జు తక్కువదని మా అభిప్రాయము కాదు. మన యెండలకు అది నిజమైన పామరేనియనుకంటె బాగుగా తాళును, ఎముక గట్టిది, పోషణమును సులభము. కాని పేరు మార్చి, వెల పెంచి అమ్మువారు కలరు గావున కొనువారు ఈ భేదము నెఱిగియుండవలెను. ఇందు వ్రాసిన పోషణవిధులు చాలవఱకు రెంటికిని చెల్లును.

స్వభావము

శరీరము చిన్నదయ్యెను గాని పామరేనియను మనసు చిన్నది కాలేదు. మంచునేలపై బండి లాగిన పూర్వుల ధైర్యము దాని యెడదలో నట్లే యున్నది. తాను పిడికెడంతయే యని దానికి తెలియదు. వీథిలో తనకు పదింతలున్న కుక్క కనబడినను ఎదురుపోవును. ఈ ధైర్యమునకు మనము మురిసి ఊరకున్నచో దానికి ప్రాణాపాయము. పెద్దకుక్క ఒక్కసారి పట్టి విదిలించినచో దాని వెన్నెముక నిలువదు. కనుక బయటికి తీసికొనిపోవునప్పుడు తాడు లేకుండ విడువరాదు.

కుక్కనుండి నేర్వవలసిన గుణములు ఆఱని చాణక్యనీతి చెప్పుచున్నది. దొరకినప్పుడు కడుపార తినుట, కొంచెముతోనే తృప్తిపడుట, గాఢముగా నిద్రించుట, చీమ చిటుక్కుమన్నను మేలుకొనుట, యజమానియందు భక్తి, శౌర్యము – ఇవి యా గుణములు. పామరేనియనునందు వీనిలో మేలుకొనుట మిక్కిలి హెచ్చు. తలుపు గొళ్లెము కదలినను, పక్కయింట మెట్లెక్కిన సవ్వడియైనను, అది మొఱుగును. కావలికి నిది మంచిదే. హద్దు మీఱినచో ఇంటివారికిని ఇరుగుపొరుగువారికిని నెమ్మది యుండదు.

మా అత్తగారు ఉదయమున జపమునకు కూర్చుండు వేళకే పాలవాడు వచ్చును. గంట వినబడుటయే తడవు ముత్యము ఇల్లు ఎగిరిపోవునట్లు మొఱుగుచుండెడిది. ఒకనా డామె, “అమ్మాయీ! నా జపమైనను మానవలెను, దాని నోరైనను మూయవలెను. ఏది చేయింతువో నీ యిష్టము” అనెను. అఱచి గద్దించినచో మనమును తనతోపాటు మొఱుగుచున్నామని కుక్క తలచును; కొట్టినచో భయముచే మఱింత మొఱుగును. కావున గంట మ్రోగినప్పుడెల్ల దానిని పేరు పెట్టి మెల్లగా పిలిచి, ఒక్క క్షణము నోరు మూసినను ఉడికిన క్యారెటుముక్క యొకటి పెట్టుచు వచ్చితిమి. తరువాత రెండు క్షణములకు, ఆ తరువాత పది క్షణములకు. రెండు నెలలు పట్టినది. ఇప్పుడు గంట మ్రోగినంతనే ఒక్కమాఱు మొఱిగి, మా మొగమువంక చూచును. వంటయింటి గడప దాటరాదని కూడ ఈ రీతినే నేర్పితిమి. మడి విషయమున మా అత్తగారి కెంత పట్టుదలయో, ఆ గడప విషయమున దాని కంత పట్టుదల. వంటయింట నెవరు లేకున్నను లోపల కాలు పెట్టదు.

ఈ జాతి కుక్క ఇంటిలో నందఱితో చెలిమి చేసినను ఒక్కరినే తనవారిగా నెంచుకొనును. ఎక్కువగా అన్నము పెట్టువారినే. వారు గదిలోనికి పోయిన తలుపువద్ద పడియుండును. ఊరికి పోయిన అన్నము మానును. చిన్ననాటినుండియే దానిని దినమునకు కొంతసేపు ఒంటరిగా నుండుట కలవాటు చేయవలెను. లేనిచో ఇంటి ఇల్లాలు పెండ్లికి పోవుటకును వీలుండదు. ఇంటికి క్రొత్తగా పసిబిడ్డ వచ్చినప్పుడు దాని కీసు కనిపెట్టవలెను. కుక్కను తఱిమికొట్టక, బిడ్డ దగ్గఱ నున్నప్పుడే దానిని పలుకరించి, దానికొక చిన్న తాయిలము పెట్టుచుండినచో బిడ్డ వచ్చినందున తనకును మేలు కలిగినదని అది తలచును. అయినను ఎంత మంచి కుక్కనైనను పసిబిడ్డతో ఒంటరిగా విడుచుట కూడదు.

అయిదాఱేండ్లలోపు పిల్లలున్న యిండ్లలో ఇంత చిన్నజాతిని తేకుండుటయే మేలని మా అభిప్రాయము. పిల్లలు ముద్దుగా నెత్తుకొందురు. బరువగుటవలన గాక, అది గింజుకొనుటవలన జాఱవిడుతురు. రెండడుగుల యెత్తునుండి పడినను దాని ముంగాలి యెముక విఱుగవచ్చును. నొప్పికి అది కఱచును. అప్పుడు తప్పు పిల్లవానిదియు కాదు, కుక్కదియు కాదు. ఆ యిద్దఱిని ఒకచోట చేర్చిన పెద్దలది.

కూనను తెచ్చుకొనుట

కుక్కపిల్ల ఎనిమిది వారములు నిండువఱకు తల్లివద్దనే యుండవలెను. తోటి పిల్లలతో ఆడునప్పుడే ఎంత గట్టిగా కొఱుకవచ్చునో, ఎప్పుడు విడువవలెనో అది నేర్చుకొనును. ఎనిమిది వారములు నిండని పిల్లలను అమ్మరాదని 2017 లో భారతప్రభుత్వము చేసిన కుక్కల పెంపకపు నిబంధనలు కూడ శాసించుచున్నవి. అయినను చేతిఫోనులో బొమ్మ చూపి, బుట్టలో బెట్టి బస్సులో పంపువారు లేకపోలేదు. పిల్లను కొనబోవునప్పుడు తల్లికుక్కను చూపుమని అడుగుడు. తల్లిని చూపనివానివద్ద కొనవద్దు.

మా వీథిలో నొక గృహస్థుడు కూతురి పుట్టినదినమునకు పామరేనియను కూనను కొనితెచ్చెను. అమ్మినవాడు దానికి రెండు నెలలని చెప్పెనట. పగలెల్ల పిల్లలు దానిని చేతులు మార్చుకొనుచు ఆడించిరి. ఆ సంబరములో అది పాలు త్రాగినదా లేదా యని చూచినవారు లేరు. రాత్రి తొమ్మిది గంటలకు ఆ పిల్ల తల్లి కొంగులో దానిని చుట్టుకొని మా యింటికి పరుగెత్తివచ్చి, “అక్కయ్యగారూ! మీ రెఱుగుదురు గదా, ఇదేమో చూడుడు. ఒడలు చల్లబడిపోయినది, తల నిలుపలేకున్నది” అని కంట నీరు పెట్టుకొనెను.

ఇంత చిన్న కూనల శరీరములో నిలువయుండు సత్తువ మిక్కిలి తక్కువ. కొన్ని గంటలు ఆహారము లేకున్నను, చలి తగిలినను, మితిమీఱి ఆడినను, రక్తములోని చక్కెర హఠాత్తుగా తగ్గిపోవును. మొదట తూలును, వణకును, తరువాత స్పృహ తప్పును, ఆలస్యమైనచో చచ్చును. మ్రింగలేనిదానికి నోట పాలు పోసినచో అవి ఊపిరితిత్తులలోనికి పోవును గావున పోయరాదు. మేము వ్రేలితో కొంచెము తేనె తీసి దాని చిగుళ్లకు మెల్లగా రాచితిమి. గోరువెచ్చని నీళ్లసీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన బెట్టితిమి. మా వారు బండి తెచ్చి వెంటనే పశువైద్యుని యింటికి తీసికొనిపోయిరి. ఆయన సూదిద్వారా గ్లూకోజు ఎక్కించి, పండ్లు చూచి, దీనికి అయిదు వారములకు మించి లేవని చెప్పెను. కూన బ్రదికినది. మఱునాడు ఆ తల్లి మాతో నన్నమాట మేము మఱవలేదు: “తెచ్చినది వారు. చచ్చియుండినచో ఏడ్చునది పిల్ల. తెల్లవార్లు ఒడిలో బెట్టుకొని కూర్చున్నది నేను. తెచ్చుటకు ముందు నన్నొక్కమాట అడిగినవారు లేరు.”

నాలుగు నెలల వయసు వచ్చువఱకు కూనకు దినమునకు నాలుగుమాఱులు ఆహారము పెట్టవలెను. రాత్రి పడుకొనుటకు ముందు తప్పక పెట్టవలెను.

ఆహారము

పెరిగిన కుక్కకు రెండుపూటలు చాలును. ఎముక తీసిన ఉడికిన కోడిమాంసము, ఉడికిన గ్రుడ్డు, అన్నము, గుమ్మడికాయ, క్యారెటు, చిక్కుడు – ఇవి మంచివి. ఉప్పు, కారము, తాలింపు ఉండరాదు. శాకాహారపు టిండ్లలో పెరుగన్నమొక్కటియే పెట్టుట కలదు. కడుపు నిండును గాని మాంసకృత్తులు చాలవు. అట్టి యింట గ్రుడ్డైనను ముట్టనివారు పశువైద్యు నడిగి, అన్ని సత్తువలు కూర్చి తయారుచేసిన కుక్కల ఆహారమును పెట్టుట మంచిది. ఆవుపాలు కొన్నింటికి సరిపడక విరేచనములగును.

మన వంటయింటిలోని కొన్ని వస్తువులు కుక్కకు విషములు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణములను పాడుచేయును. వండినను ఆ దోషము పోదు. కనుక సాంబారన్నము, పులుసన్నము పనికిరావు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములను చెఱచును. పాయసములో మిగిలినదియు పెట్టరాదు. చాక్లెట్టు గుండెకు కీడు. పంచదారకు మాఱుగా కొన్ని మిఠాయిలలో వాడు జైలిటాలు కొంచెమైనను ప్రాణము తీయగలదు. ఉడికిన కోడియెముకలు పగిలి మొనదేలి పేగులకు గ్రుచ్చుకొనును. మనము జ్వరమునకు, నొప్పులకు మ్రింగు మాత్రలు దానికి ఎన్నడు వేయరాదు.

స్థూలకాయము ఈ జాతికి పెద్ద శత్రువు. రెండున్నర కిలోల కుక్క అరకిలో బరువెక్కుట, ఏబదికిలోల స్త్రీ పదికిలోలు బరువెక్కుటతో సమానము. “ఒక్క బిస్కత్తే గదా” యని ఇంటిలో నలుగురు నాలుగు పెట్టినచో దాని కొకపూట భోజనమైనది. కనుక పెట్టు చేయి ఒక్కటిగా నుండవలెను.

బొచ్చు, స్నానము, ఎండ

పామరేనియనుకు రెండు పొరల బొచ్చు. లోపలిది మెత్తగా దూదివలె నుండును. పైది నిడుపై నిక్కియుండును. వారమునకు రెండు మూడుమాఱులు చర్మము తగులువఱకు పాయలు తీసి దువ్వవలెను. పై పైన దువ్వినచో చెవులవెనుకను, చంకలలోను ఉండకట్టును. నాలుగైదు నెలల వయసున పసిబొచ్చు రాలి కూన వికారముగా కన్పట్టును. రోగమని భయపడనక్కఱలేదు, నిండుబొచ్చు వచ్చుటకు రెండేండ్లు పట్టవచ్చును. బొచ్చు రాలుటతో పాటు దురదయో, పుండ్లో, నల్లబాఱిన చర్మమో కన్పట్టినచో వైద్యునికి చూపవలెను.

స్నానము మూడు నాలుగు వారములకొకమాఱు చాలును. మన సబ్బులు దాని చర్మమునకు సరిపడవు. కుక్కలకొఱకు చేసినదే వాడవలెను. స్నానమునకు ముందే దువ్వి చిక్కు తీయవలెను; తడిసిన చిక్కు బిగిసికొనును. తరువాత లోబొచ్చు ఆఱువఱకు తుడువవలెను. తడి నిలిచినచో చర్మము చెడును.

వేసవిలో కొందఱు జాలిపడి బొచ్చంతయు గొఱిగించుచున్నారు. ఇది సరికాదు. ఆ బొచ్చు చలిని మాత్రమే గాక నేరుగా తగులు ఎండను కూడ చర్మమునకు సోకనీయదు. ఈ జాతిలో గొఱిగిన బొచ్చు మరల సరిగా రాకపోవుటయు కలదు. పాదములకడ, మలద్వారముకడ మాత్రము శుభ్రతకొఱకు కత్తిరింపవచ్చును.

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి ముఖ్యమైన చలువ. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటు దినములలో ఆ రొప్పుట చాలదు. అట్టి కాలమున తెల్లవాఱకముందును, ప్రొద్దుక్రుంకిన తరువాతను మాత్రమే నడిపింపవలెను. మీ అరచేతి వెనుకభాగమును దారిపై ఆనించి చూడుడు. మీరు ఓర్వలేని వేడిని దాని పాదమును ఓర్వలేదు. నీడ, గాలి, నీళ్లు ఎల్లప్పుడు నుండవలెను. మూసిన కారులో పది నిమిషములైనను విడువరాదు. ఆరోగ్యముగా నున్న కుక్క ఒంటివేడి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు వఱకుండును. 104 దాటినను, చొల్లు కార్చుచు తూలి పడినను, మామూలు నీళ్లతో తడిపి, విసరుచు, వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను.

పండ్లు, మోకాళ్లు, ఊపిరిగొట్టము

జాతిని కుదించుటవలన వచ్చిన చిక్కులు మూడు. చిన్నదవుడలో నలువదిరెండు పండ్లు ఇఱుకుకొనుటచే గార త్వరగా పట్టి, పండ్లు ఊడును. కుక్కల పండ్లపేస్టుతో మెత్తని కుంచెతో దినమును తోమవలెను. మన పేస్టు మ్రింగినచో దానికి చెఱుపు. ఆఱేడు నెలల తరువాతను పాలపండ్లు ఊడకున్నచో వైద్యునిచే తీయింపవలెను.

రెండవది మోకాలి చిప్ప ప్రక్కకు జాఱుట. నడచుచుండగా వెనుకకాలు హఠాత్తుగా ఎత్తి, రెండు గంతులు వేసి, మరల దించినచో అది యాటయని నవ్వరాదు. మంచములపైనుండి, కుర్చీలపైనుండి దుముకనీయరాదు. నున్నని గచ్చుపై చాపయైనను పఱచవలెను.

మూడవది ఊపిరిగొట్టము మెత్తబడి అణగిపోవుట. బాతు కూసినట్లు దగ్గు వచ్చును. మెడపట్టెడకు తాడు కట్టి లాగినచో ఈ బాధ హెచ్చును గావున, రొమ్మునకును వీపునకును చుట్టివచ్చు పట్టీకే తాడు కట్టవలెను.

టీకాలు – పిచ్చికుక్క వ్యాధి

కూనకు ఆఱు మొదలు ఎనిమిది వారముల వయసున టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొకమాఱు, పదాఱు వారములు నిండువఱకు వేయింపవలెను. పార్వో యను రక్తవిరేచనముల వ్యాధియు, డిస్టెంపరు వ్యాధియు టీకా లేని కూనలను దినములలో చంపును. ఆ టీకాలు పూర్తియగువఱకు వీథినేలపై దింపరాదు. పిడుదులు రక్తము త్రాగుటయే గాక రక్తకణములను చెఱచు జ్వరమును తెచ్చును. దువ్వునప్పుడు చెవులలోను, వ్రేళ్లసందులను వెదకవలెను.

మూడు నెలలు నిండినతోడనే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల మరల వేయింపవలెను. “మాది ఇంటికుక్క, వీథి మొగమెఱుగదు” అను మాట మేమెన్నియోమాఱులు వింటిమి. తలుపు తెఱచియున్న ఒక్క నిమిషము చాలును. ఈ వ్యాధి లక్షణములు బయలుపడినచో మనిషికైనను కుక్కకైనను మరణము తప్పదు. 1885 లో ఫ్రాన్సుదేశపు పాశ్చరు ఒక బాలునికి ఈ వ్యాధికి టీకా వేసి కాపాడెను. 1907 లో నీలగిరులలోని కూనూరున పాశ్చరు సంస్థ స్థాపింపబడినది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు చెప్పు భయంకరమైన చికిత్స ఇప్పుడు లేదు. నేటి మందు భుజమునకు వేయుదురు; సూదులును కొన్నియే.

ఏ కుక్క కఱచినను, అది ఒడిలో పెరిగినదైనను, గాయమును సబ్బుతో, పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే వైద్యశాలకు పోవలెను. కారము, సున్నము, కాఫీపొడి పూయుట కూడదు. గీఱుడైనను రక్తము వచ్చినచో ఉపేక్షింపరాదు. పిల్లలు దెబ్బలకు వెఱచి దాచుదురు. “కుక్క కఱచినదని చెప్పినచో ఎవరును కోపపడరు” అని వారికి ముందుగానే చెప్పియుంచుడు. ఈ యొక్కమాట ప్రాణమును కాపాడగలదు.

ఆడుకుక్క

ఆడుకుక్క సుమారు ఆఱునెలలకొకమాఱు ఎదకు వచ్చును. ఆ స్థితి మూడు వారములుండును. అప్పుడు వీథికుక్కలు వాకిట చేరును గావున భద్రముగా నుంచవలెను. గర్భము మోయుకాలము సుమారు 63 దినములు. తల్లి చిన్నది, పిల్లల తలలు పెద్దవి యగుటచే ప్రసవము కష్టము. తఱచు కడుపు కోసి తీయవలసివచ్చును. పిల్లలను అమ్మి సొమ్ము చేసికొందమను ఆశతో చిన్నికుక్క నిట్టి యాపదకు గుఱిచేయుట తగదు. గర్భాశయమును తీయించిన కుక్కకు ముదిమిలో అందు చీముపట్టి ప్రాణము తీయు వ్యాధి రాదు. ముత్యమునకు మేము ఆ శస్త్రచికిత్స చేయించితిమి.

ముదిమి

పదేండ్లు దాటిన తరువాత కన్ను మసకబాఱును, చెవి మందగించును, దగ్గు, గుండెజబ్బు తోడగును. కూనగా నున్నప్పుడు చేతులు మార్చుకొని ముద్దాడినవారే అప్పుడు దుర్వాసనయని వసారాలోనికి నెట్టుదురు. కొందఱు సంచిలో బెట్టి ఊరవతల విడిచివత్తురు. ఒడిలో పెరిగిన కుక్క వీథిలో మూడుదినములు బ్రదుకదు.

మన భారతకథ కుక్క మొఱతో ఆరంభమగుచున్నది. జనమేజయుని యజ్ఞవాటికకు ఆడుకొనుచు వచ్చిన కూనను ఆయన తమ్ములు అకారణముగా కొట్టగా, తల్లియగు సరమ రాజునొద్దకు వచ్చి న్యాయమడిగెను. తన బిడ్డ చేసిన తప్పేమని ఆమె వేసిన ప్రశ్నకు రాజుకడ సమాధానము లేకపోయెను. కథాంతమున స్వర్గరథము ఎదుట నిలిచినప్పుడు, వెంటవచ్చిన కుక్కను విడిచి యెక్కనని ధర్మరాజు పట్టుబట్టెను. ఆ కుక్క అందమైనదనియో, జాతిదనియో ఆయన విడువకపోలేదు. నమ్మి వెంట వచ్చినది గావున విడువలేదు.

కాబట్టి, సోదరీమణులారా! ఇంటికి కుక్కను తెత్తుమని పిల్లలో, వారో అన్ననాడు మీరు నాలుగు ప్రశ్న లడుగుడు. పదునైదేండ్లు దీనికి అన్నము పెట్టు చేయి ఎవరిది? మనము ఊరికి పోయినప్పుడు చూచువా రెవరు? వైద్యమునకు నెలనెల కొంత సొమ్ము తీయగలమా? ముసలిదైన దినమున దాని మంచముక్రింది చోటు దానికే యుండునా? నాలుగింటికిని ఇంటిల్లిపాదియు సరియైన సమాధానము చెప్పినచో తప్పక తెచ్చుకొనుడు. ఒక్కదానికి లేకున్నను, ఆ కూనను దాని తల్లివద్దనే యుండనిండు.